మంటలు ఆర్పే ఎర్ర డబ్బా ఇవ్వండి, దాన్ని పట్టుకోవడం తెలుగులో నేర్పండి
(మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

సిరొంచ తాలూకా నుంచి నమస్కారాలు.

నేను అంకీసా వైపు ఒక పల్లెలో ఉంటాను. ఇంట్లో మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను, మా బచత్ గట్ (ఆడవాళ్ల పొదుపు సంఘం) లెక్కలు రాస్తాను. ఈ లేఖను మా అబ్బాయి మరాఠీలో కూడా రాసి మీ ఆఫీసుకు పంపుతున్నాడు. అయినా ముందు తెలుగులోనే రాశాను. ఇందులోని సంగతి మీకు ఎంత తెలియాలో మా వాడల్లో వంట చేసే ఆడవాళ్లకూ అంతే తెలియాలి.

పోయిన ఎండాకాలం మా పక్కింట్లో అమ్మాయి నిశ్చితార్థం. పొద్దున్నే వెనక వసారాలో గ్యాస్ పొయ్యి పెట్టి, పెద్ద మూకుడు నిండా నూనె పోసి గారెలు మొదలుపెట్టారు. చుట్టాలు దిగారని ఆ ఇంటి వదిన పొయ్యి ఆర్పకుండానే వాకిట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి నూనె పొగలు కక్కి భగ్గున అంటుకుంది. పక్కనే ఉన్న పెద్దమ్మ కంగారులో చెంబెడు నీళ్లు తెచ్చి అందులో పోసింది.

ఆ పెద్దమ్మను ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదు కూడా. మంట అంటే నీళ్లు అనే కదా మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసింది. కానీ నీళ్లు నూనె కంటే బరువు. కాగే నూనెలో పడగానే అడుగుకు దిగి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. ఆ ఆవిరి మండుతున్న నూనెను పైకి ఎగజిమ్ముతుంది. మా కళ్లముందు జరిగింది అదే. మంట ఎండిన తాటాకు చూరును అందుకుంది. పొయ్యి కట్టేయబోయిన వదిన రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి.

మా ఇళ్లకు యాభై అడుగుల దూరంలో ఒక ప్రభుత్వ భవనం ఉంది. దాని వరండా గోడకు ఎర్ర డబ్బా వేలాడుతుంటుంది. ఒక కుర్రాడు పరిగెత్తి దాన్ని తెచ్చాడు. పైనున్న పిడిని నొక్కాడు, రాలేదు. బలమంతా పెట్టి నొక్కాడు, అప్పుడూ రాలేదు. ముందు పిన్ను లాగాలని అతనికి తెలియదు, మాలో ఎవరికీ తెలియదు. డబ్బా మీద రాసినవి ఇంగ్లీషులో, హిందీలో ఉన్నాయి. చివరికి కోపంతో దాన్ని పారేశాడు. తర్వాత ఎవరో చూస్తే దాని మీటరు ముల్లు పచ్చ గీత దగ్గర లేదు, ఎర్ర దాంట్లో ఉంది. అంటే పిన్ను లాగినా పొడి సరిగ్గా వచ్చేది కాదు. ఎన్నేళ్ల నుంచి అలా ఉందో!

మంట ఆగింది మా మరిది వల్ల. పత్తికి మందు కొట్టే 16 లీటర్ల పంపును సీజన్ అయిపోయాక శుభ్రంగా కడిగి దండేనికి తగిలించి ఉంచాడు. దాన్లో నీళ్లు నింపి వీపుకు తగిలించుకుని చూరు మీద, పక్కనున్న గడ్డివాము మీద కొడుతూనే ఉన్నాడు. బిందెతో విసిరితే సగం నీళ్లు నేలపాలే. పంపుతో అయితే సన్నటి జల్లు మంట అడుగుకు చేరింది. రెండో పంపు తెచ్చేలోపు వాము ఒక మూల మాత్రమే కాలింది. దాని వెనకే కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అవి అంటుకుంటే ఆ ఘాటుకు వాడలో ఎవరూ నిలబడేవాళ్లం కాదు.

అగ్నిమాపక బండి రాలేదని నేను ఫిర్యాదు చేయడం లేదు. రాజ్యాంగం 12వ షెడ్యూలులో అగ్నిమాపక సేవ మున్సిపాలిటీల పనుల్లో ఉందని మా అబ్బాయి చదివి చెప్పాడు. పల్లెలకు అది ఎంత దూరమో మీకు తెలియంది కాదు. జిల్లా కేంద్రం మాకు దాదాపు 200 కిలోమీటర్లు. 101కో 112కో ఫోన్ చేయాలి, చేస్తాం. కానీ బండి ఎక్కడి నుంచి బయల్దేరినా, మా మూకుడు మండేది రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపట్లో ఏం జరిగినా మా చేతుల్లోనే జరగాలి.

2016లో ఉజ్వల పథకం మొదలయ్యాక మా వాడల్లో కట్టెల పొయ్యి పక్కన గ్యాస్ పొయ్యి చేరింది. చాలా సంతోషం, పొగ తగ్గింది. సిలిండర్ వచ్చిన ఇంటికి మంట ఆర్పే జ్ఞానం మాత్రం రాలేదు. గ్యాస్ గాలి కంటే బరువని, లీకైతే నేల మీదే పరుచుకుంటుందని, అందుకే తలుపులు తెరిచి స్విచ్ ముట్టకుండా బయటికి రావాలని, 1906కి ఫోన్ చేయాలని ఎంతమందికి తెలుసు? మా గట్‌లో అడిగాను. 11 మందిలో ఇద్దరికి తెలుసు. ఇద్దరికీ మంచిర్యాలలో ఉండే కూతుళ్లు చెప్పారట.

అందుకే అడుగుతున్నాను. విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థకు అధ్యక్షులు మీరే కాబట్టి మీకే రాస్తున్నాను.

ప్రతి వాడకూ ఒక పొడి డబ్బా కావాలి. ఏబీసీ పౌడర్ డబ్బా, ఐఎస్ఐ గుర్తు ఉన్నది, ఐఎస్ 15683 అని రాసి ఉన్నది. కట్టె, గుడ్డ, పెట్రోల్, గ్యాస్, కరెంటు మంటలకు ఇది పనికొస్తుంది. రెండు కిలోలదైతే మా ఆడవాళ్లు కూడా ఎత్తగలరు. తాళం వేసే గదిలో పెట్టకండి. రేషన్ దుకాణం, అంగన్‌వాడీ, లేదంటే ఆశా అక్క ఇల్లు, రాత్రి పన్నెండుకైనా తలుపు తీసే చోట ఉండాలి. నెలకోసారి ముల్లు పచ్చలో ఉందో లేదో చూసి సంతకం చేసే బాధ్యత బచత్ గట్‌కు ఇవ్వండి. మేం లెక్కలు రాస్తున్నాం కదా, ఇది కూడా రాస్తాం. ఒక్కసారి కొంచెం వాడినా మళ్లీ నింపించాలి. ఆ నింపించే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. డబ్బాల పంపిణీ అయిపోయాక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

కానీ డబ్బా కంటే ముందు నేర్పడం కావాలి, అది తెలుగులో కావాలి. పిన్ను లాగు, గొట్టం మంట అడుగుకు పెట్టు, పిడి నొక్కు, అటూ ఇటూ ఊపు. ఈ నాలుగు మాటలే. చిన్న డబ్బాలో పొడి పది సెకన్ల అటూ ఇటూగా అయిపోతుంది. ఆ కాసేపూ మంట పైభాగం మీద కొడితే అంతా వృథా. ఇది కాగితంలో చదివితే రాదు. ఒకసారైనా బరువు చేతికి తెలియాలి, బుస్సుమనే చప్పుడు విని భయం పోవాలి. ఎప్పుడూ తలుపు వైపు వీపు పెట్టి నిలబడాలని, ఆరకపోతే వదిలేసి బయటికి పరిగెత్తాలని కూడా చెప్పాలి. ఇల్లు పోతే మళ్లీ కట్టుకుంటాం.

నూనె మూకుడుకు ఆ డబ్బాతో పని లేదని కూడా మాకు చెప్పండి. దగ్గర నుంచి కొడితే ఆ విసురుకు మండే నూనె చిందుతుంది. దానికి మందు మూతే. పక్కన పెట్టుకున్న పళ్లెమో తాంబాళమో పక్క నుంచి జరుపుతూ మూకుడు మీద మూసి, పొయ్యి కట్టేసి, చల్లారేదాకా తెరవకుండా ఉంటే చాలు. ఆ రోజు వదిన పక్కనే అప్పాలు వేసే పెద్ద తాంబాళం ఉంది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మందు పంపుల సంగతి వ్యవసాయ శాఖ వాళ్లతో మాట్లాడండి. పత్తి, మిర్చి వేసే ప్రతి ఇంట్లో పంపు ఉంది. అడవి మంటలకు వీపు మీద మోసే ఇలాంటి నీళ్ల పంపులే వాడతారు. మందు కలిపిన పంపు మంట మీద కొట్టకూడదు, కొన్ని మందులు మండుతాయి, ఆ పొగ విషం. అందుకే వాడకు రెండు కొత్త పంపులు విడిగా, ఎర్ర రంగు వేసి, నీళ్లకు మాత్రమే ఉంచాలి. కరెంటు తీగ ఉన్న చోట వాటిని వాడకూడదని కూడా అదే రోజు నేర్పాలి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు ప్రాణాలిచ్చిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకంగా. మాకు ఆ రోజుల్లో ఇప్పపువ్వు చివరికొస్తుంది, తునికాకు పని మొదలవబోతుంది, గడ్డివాములు పెళపెళలాడుతుంటాయి. వచ్చే ఏడు ఆ వారంలో ఒక్క రోజు మా వైపు రండి. ఆసరెల్లి, అంకీసా, సిరొంచ, ఎక్కడ పెట్టినా మేం వస్తాం. సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి, పగలు పెడితే పనికి వెళ్లినవాళ్లు రాలేరు. నేర్పేవాళ్లకు తెలుగు రాకపోతే పక్కన నిలబడి తెలుగులో చెప్పడానికి నేనున్నాను.

వదిన చేతులు మానాయి కానీ ఎడమ చేతి వేళ్లు పూర్తిగా ముడవడం లేదు. ఆ రోజు కాలిన చోట ఎవరో పేస్టు పూశారు. ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ల ధార కింద పెట్టాలని ఆసుపత్రికి వెళ్లాక తెలిసింది. నేర్పే రోజున ముందుగా పిన్ను తానే లాగుతానని వదిన చెప్పింది. పాత రేకు పళ్లెం, మంట పెట్టడానికి గోనెసంచులు, నాలుగు బిందెల నీళ్లు మేం సిద్ధంగా ఉంచుతాం. తేదీ చెప్పండి.

ఇట్లు,
అంకీసా వైపు ఒక పల్లె నుంచి,
బట్టలు కుట్టుకునే ఒక మహిళ, బచత్ గట్ సభ్యుల తరఫున