ఇక ఎన్ని అకౌంట్లైనా కలుపుకోవచ్చు, స్విచ్ బటన్ మాత్రం పెట్టలేదు

అందరికీ నమస్కారం అండి. మీలో చాలామంది ఎప్పట్నించో అడుగుతున్నది మన గిట్ యాప్ (కోడ్‌లో చేసిన మార్పుల్ని గిట్‌తో దాచి, గిట్‌హబ్ లాంటి కోడ్ సైట్లకి పంపే యాప్) కొత్త వెర్షన్‌లో వచ్చేసింది, ఆఫీసు గిట్‌హబ్, సొంత గిట్‌హబ్, క్లయింట్ వాళ్ల గిట్‌ల్యాబ్, ఇంకెక్కడో బిట్‌బకెట్, ఎన్నున్నా అన్నీ ఒకేసారి యాప్‌లో ఉంచుకోవచ్చు, ఒకదాంట్లోంచి లాగౌట్ అయ్యి ఇంకోదాంట్లోకి వెళ్లే పని లేదు. కలిపేటప్పుడు ఒక్కటి చూస్కోండి, బ్రౌజర్‌లో ఆల్రెడీ ఏ అకౌంట్ లాగిన్ అయ్యుంటే మళ్లీ అదే వచ్చి కూర్చుంటుంది, అందుకని రెండోది ప్రైవేట్ విండోలో తెరిచి కలపండి.

పైన అకౌంట్ మార్చే స్విచ్ బటన్ ఒకటి పెట్టొచ్చు కదా అని కొందరు అడిగారు. కావాలనే పెట్టలేదండి. బటన్ ఉందంటే మార్చడం మర్చిపోయే రోజు కూడా వస్తుంది, ఆ రోజు కంపెనీ రిపోలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) మీ సొంత మెయిల్ ఐడీతో కమిట్లు (మార్పుల రికార్డులు) పడతాయి, పుష్ అయిపోయాక, అంటే సైట్‌కి పంపేశాక, సరిచేయాలంటే ఆ కమిట్ల నుంచి హిస్టరీ తిరగరాసి ఫోర్స్ పుష్ చేయాలి, అంటే పాతదాని మీద బలవంతంగా పంపాలి, టీమ్‌లో అందరికీ తలనొప్పి. అందుకే ఏ రిపోకి ఏ అకౌంట్ అన్నది ఒక్కసారి చెప్తే చాలు, అది ఆ రిపోతోనే ఉండిపోతుంది.

అసలు చిక్కంతా ఎక్కడంటే లాగిన్ వేరు, కమిట్‌లో పడే పేరు వేరు. మీరు ఏ అకౌంట్‌తో పుష్ చేసినా గిట్ మాత్రం కాన్ఫిగ్‌లో (దాని సెట్టింగ్స్ ఫైల్) ఉన్న పేరు, ఈమెయిలే తీసుకుంటుంది. కాబట్టి మన యాప్ అన్ని రిపోలకీ వర్తించే మీ గ్లోబల్ కాన్ఫిగ్‌ని ముట్టుకోదు, ఆ రిపో లోపలి కాన్ఫిగ్‌లోనే రాస్తుంది, టెర్మినల్ నుంచి కమిట్ చేసినా అదే వర్తిస్తుంది.

ఎస్ఎస్‌హెచ్ (పాస్‌వర్డ్ బదులు కీ ఫైల్‌తో కనెక్ట్ అయ్యే పద్ధతి) వాడేవాళ్లకి: ఒకే కీని రెండు అకౌంట్లకి పెడతానంటే గిట్‌హబ్ ఒప్పుకోదు, కాబట్టి అకౌంట్‌కో కీ ఉండాల్సిందే. హెచ్‌టీటీపీఎస్ (మామూలు వెబ్ లింకుతో కనెక్ట్ అవ్వడం) అయితే టోకెనే (పాస్‌వర్డ్ బదులు ఆ సైట్ ఇచ్చే రహస్య కోడ్), పాస్‌వర్డ్‌తో పుష్ చేయడం గిట్‌హబ్ 2021 ఆగస్టు 13నే ఆపేసింది. టోకెన్లు మీ సిస్టమ్ కీచైన్‌లోనే (పాస్‌వర్డ్‌లు భద్రంగా దాచే చోటు) ఉంటాయి, మా సర్వర్‌కి రావు, ఇందులో మేం రాజీ పడం.

ఇంకా రానివీ చెప్తాను. అన్ని అకౌంట్ల పుల్ రిక్వెస్టులు (మార్పుల్ని కలుపుకోమని పెట్టే అభ్యర్థనలు) ఒకే లిస్టులో చూడటం ఇంకా లేదు, దానిమీదే పని చేస్తున్నాం. కంపెనీ ఎస్ఎస్ఓ (కంపెనీ లాగిన్ ఒక్కదాంతోనే అన్నింట్లోకి వెళ్లే పద్ధతి) పెట్టుకుని ఉంటే టోకెన్ ఇచ్చాక గిట్‌హబ్‌లో ఆ ఆర్గనైజేషన్‌కి విడిగా ఆథరైజ్ చేయాలి, లేకపోతే ప్రైవేట్ రిపోలు కనపడవు, అది మా వైపు నుంచి చేయగలిగేది కాదు.

ఉద్యోగం మారినా, క్లయింట్ పని అయిపోయినా యాప్‌లో అకౌంట్ తీసేసి వదిలేయకండి, అలా తీస్తే మీ సిస్టమ్‌లోంచి మాత్రమే టోకెన్ పోతుంది, ఆ సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని రివోక్ (రద్దు) కూడా చేయండి. ఎక్కడైనా ఆగిపోతే యాప్‌లో హెల్ప్ నొక్కి రాయండి, ఏ హోస్ట్, ఎస్ఎస్‌హెచ్‌నా హెచ్‌టీటీపీఎస్‌నా అన్నది రాస్తే చాలు, టోకెన్ మాత్రం ఎవరికీ పంపకండి, మాకు కూడా.