ఆదివారానికి వినాల్సిన రెండు రికార్డింగులు

అందరికీ నమస్తే, ఈ ఆదివారం మన జాజ్ సంగీతం క్లాసుకి పుస్తకం పక్కన పెట్టేసి రెండు రికార్డింగులు మాత్రం విని రండి. మొదటిది ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 జూన్‌లో షికాగోలో రికార్డు చేసిన వెస్ట్ ఎండ్ బ్లూస్, మొదట్లో తోడు ఏ వాయిద్యమూ లేకుండా ట్రంపెట్ ఒక్కటే పలుకుతుంది చూడండి, ఆ కొన్ని సెకన్లు కనీసం పదిసార్లు వినండి, నాకైతే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. రెండోది శాక్సఫోన్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ 1939లో చేసిన బాడీ అండ్ సోల్. అసలు ట్యూన్ మొదట్లో కాస్త వినిపించి మాయమైపోతుంది, తర్వాతంతా కింద నడిచే కార్డ్స్ (ఒకేసారి కలిపి పలికే స్వరాల గుత్తులు) పట్టుకుని శాక్సఫోన్ మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతాడు, అందుకే ముందు ఎవరైనా మామూలుగా పాడిన వెర్షన్ ఒకటి విని ఆ తర్వాత ఇది వినండి, ఏం వదిలేశాడో ఏం కలిపాడో అప్పుడే తెలుస్తుంది.

విని ఊరుకోవద్దు, ఓ నాలుగు బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది) నోటితో పాడండి, నొటేషన్ వద్దు, చెవితోనే పట్టాలి. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఒక మాట, జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి సో వాట్‌లో వాడిన డోరియన్ (పాశ్చాత్య సంగీతంలో ఒక స్వరశ్రేణి) స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే, మన గమకాలు ఉండవంతే. వాటితో ఎనిమిది బార్లు మీ సొంతంగా అల్లి శనివారం రాత్రిలోపు ఇక్కడే వాయిస్ నోట్ పెట్టండి, తప్పులున్నా పర్లేదు.