చంక కింద సీటు బెల్టు

సంపాదకుడి గారికి,

ఈ మధ్య మా అక్క కుటుంబంతో కలిసి కారులో దూరప్రయాణం చేశాను. నడుపుతున్నది నేనే. పక్కన కూర్చున్న అక్క బయలుదేరే ముందే బెల్టు పెట్టుకుంది. కాసేపటికి మెడకు ఒరుసుకుంటోందని పై పట్టీని భుజం మీద నుంచి తీసి చంక కిందకు తోసేసింది. క్లిప్పు బిగించే ఉంది కాబట్టి హెచ్చరిక మోగలేదు. అద్దంలో చూస్తే వెనక సీటులో ఆమె ఎనిమిదేళ్ల కొడుకు పై పట్టీని వీపు వెనక్కి వేసుకుని నిద్రపోతున్నాడు. అడిగితే అందరం బెల్టు పెట్టుకున్నామనే చెబుతాం. ఆ దృశ్యం ఇంకా నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

1959లో స్వీడన్ ఇంజినీరు నిల్స్ బోలిన్ వోల్వో సంస్థ కోసం రూపొందించిన బెల్టునే ప్రపంచమంతా నేటికీ వాడుతోంది. మిగతా తయారీదారులూ వాడుకునేలా ఆ సంస్థ పేటెంటును అందరికీ వదిలేసింది. అంతటి మేలును మనం అశ్రద్ధతో పోగొట్టుకుంటున్నాం. దెబ్బను శరీరంలోని గట్టి ఎముకలు కాచుకోవాలన్నది ఆ బెల్టు వెనక ఉన్న ఆలోచన. అందుకే కింది పట్టీ తుంటి ఎముకల మీద, తొడలకు ఆనుకుని ఉండాలి. పై పట్టీ భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా రావాలి. చంక కిందకు జారిస్తే భారమంతా పక్కటెముకల మీద పడుతుంది. అవి విరిగితే కాలేయానికో ప్లీహానికో గుచ్చుకోవచ్చు. వీపు వెనక్కి వేసుకుంటే ఛాతీని, తలను ఆపేది ఏదీ ఉండదు. కింది పట్టీ పొట్ట మీదకు ఎక్కినా ప్రమాదమే. గర్భిణులు దాన్ని పొట్ట కిందుగా వేసుకోవాలి, తీసేయకూడదు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొట్టడమంటే సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి కింద పడటమే. ఒళ్లో పసిబిడ్డను ఎంత గట్టిగా హత్తుకున్నా ఆ క్షణంలో పట్టు నిలవదు. ఎయిర్‌బ్యాగు ఉందిగా అంటారు కొందరు. అది బెల్టుకు తోడుగా పనిచేసేదే తప్ప దాని బదులు కాదు. వెనక సీటులో బెల్టు లేకుండా కూర్చున్నవారు ముందు సీటు మీదకు వచ్చి పడితే ముందువారి ప్రాణాలకూ ముప్పే. సీటు బాగా వెనక్కి వాల్చుకుని పడుకోవడమూ మంచిది కాదు, బెల్టు కింది నుంచి శరీరం ముందుకు జారిపోతుంది.

ఆ రోజు కారు పక్కకు ఆపాను. తలుపు పక్క స్తంభం మీద, బెల్టు వేలాడే చోట, ఎత్తు మార్చే మీట ఉంది. చాలా కార్లలో ముందు సీట్లకు ఉంటుంది. నొక్కి రెండు మెట్లు దించగానే పట్టీ అక్క మెడను వదిలి భుజం మీద కుదురుకుంది. ఇన్నేళ్లుగా కారు ఎక్కుతున్నా ఆ మీట సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు! పిల్లవాడిది వేరే సమస్య. వాడి ఎత్తుకు పెద్దల బెల్టు సరిపోదు, కింద పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టరు సీటు ఉండాలి. తిరిగి వచ్చిన వారంలోనే కొన్నారు.

కారు అమ్మేవారు తాళాలు చేతికిచ్చే రోజున ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి బెల్టు సరిచేసి చూపించాలి. డ్రైవింగు నేర్పేవారు మొదటి పాఠంలోనే ఇది చెప్పాలి. పట్టీ ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో తెలిపే బొమ్మను మీ పత్రికలో పెద్దదిగా ప్రచురించమని వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు