మున్నేటి కొలతలు, మా పిల్లల మార్కులు

సంపాదకులకు నమస్కారం.

నేను ఖమ్మం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. సంక్రాంతి సెలవులు అయిపోయాక మా తొమ్మిదో తరగతి పిల్లల్ని ప్రాజెక్టు పని కోసం ఖమ్మం పక్కగా పారే మున్నేరు నది దగ్గరికి తీసుకెళ్లాను. పని బాగా జరిగింది. మార్కుల దగ్గరికి వచ్చేసరికే మనసు కష్టమైంది. తోటి టీచర్లకు, అధికారులకు ఆ సంగతి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండు చోట్ల కొలవాలని అనుకున్నాం. ఒకటి తీర్థాల అనే ఊరి దగ్గర ఆకేరు అనే ఉపనది కలవకముందు, రెండోది కలిశాక కొన్ని కిలోమీటర్ల దిగువన. ఉపనది కలిస్తే నీరు పెరుగుతుంది, నీరు పెరిగితే ప్రవాహం వేగం పెరగాలి. పిల్లలు ఈ ఊహను ముందే నోటుపుస్తకంలో రాసుకున్నారు. తల్లిదండ్రుల దగ్గర సంతకాలు తీసుకున్నాం. ఇసుక తీసిన గుంతలంటే నాకు భయం. అందుకే రోజూ అక్కడ చేపలు పట్టే ఇద్దరు పెద్దవాళ్లను ముందు నడవమని బతిమాలుకున్నాను. మోకాలి లోతు దాటితే ఎవరూ దిగకూడదని గట్టిగా చెప్పాను.

వెడల్పు కొలవడానికి మీటరుకొక ముడి వేసిన తాడు, లోతుకు గీతలు పెట్టిన కర్ర, వేగానికి బత్తాయి కాయ. బత్తాయి ఎందుకంటే అది చాలావరకు నీళ్లలో మునిగే తేలుతుంది, గాలికి అంతగా కొట్టుకుపోదు. పది మీటర్ల దూరం పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూసుకోవాలి. పైన నీరు వేగంగా, అడుగున నెమ్మదిగా పోతుంది కాబట్టి వచ్చిన వేగాన్ని సుమారు 0.85తో గుణించాలి. పరికరాలకు పెద్దగా ఖర్చు కాలేదు.

ఎగువన మొదటిసారి 24 సెకన్లు, తర్వాత 26. మూడోసారి కాయ గడ్డిలో చిక్కుకుని 41 అయింది. "దీన్ని కొట్టేద్దామా టీచర్?" అని అడిగారు. కొట్టేయొద్దు, ఎందుకు ఆలస్యమైందో పక్కన రాసి, లెక్కలో మాత్రం వేరుగా ఉంచండి అన్నాను. లోతు కొలిచేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. కర్ర ఇసుకలోకి దిగుతోందని, మనం రాసుకునే లోతు ఎక్కువ వస్తోందని చేపలు పట్టే ఇంటి పిల్లవాడు ఒకడు కనిపెట్టాడు. టిఫిన్ బాక్సు మూతను కర్ర అడుగున మేకుతో బిగించి అన్నీ మళ్లీ కొలిచాం. నదిలో ఎంతెంత సైజు రాళ్లున్నాయో చూడటానికి ఏరిన గులకరాళ్ల విషయంలోనూ అంతే. పిల్లలు నా చేతికి ఇచ్చినవన్నీ నున్నగా, అందంగా ఉన్నవే! కళ్లు మూసుకుని వేలికి మొదట తగిలిన రాయినే తీయమని చెప్పాక అసలు లెక్క వచ్చింది.

దిగువన అదే పది మీటర్లకు 52, 55, 53 సెకన్లు పట్టింది. 0.85తో గుణించక ముందే, ఎగువన సెకనుకు సుమారు 0.4 మీటర్లున్న పైనీటి వేగం ఇక్కడ 0.19కి పడిపోయింది. పిల్లలు ముఖాలు వేలాడేశారు. కాసేపు గట్టున కూర్చుని మాట్లాడుకున్నాం. కిందనున్న చెక్‌డ్యాం నీరు ఎగదన్ని అక్కడిదాకా నిలబడింది. పైగా వానాకాలం వెళ్లి చాలా రోజులైంది. పుస్తకంలోని సూత్రం తప్పు కాదు, మేము ఎంచుకున్న చోటు, ఎంచుకున్న కాలం దానికి సరిపోలేదు. ఈ మాట వాళ్ల నోటి నుంచే వచ్చింది. నా దృష్టిలో ఆ రోజు మొత్తంలో అన్నిటికంటే విలువైన పాఠం అదే.

మరుసటి వారం ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మా గ్రూపులో 52ని 22 చేశాం టీచర్, తప్పు వచ్చిందని మార్కులు తగ్గిస్తారేమోనని" అంది. నాకు ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. ఆ టెన్షన్ పెట్టింది మనమే. మండల స్థాయి ప్రదర్శనలో రంగులేసిన థర్మకోల్ నదికి మొదటి బహుమతి వచ్చింది. మా పిల్లల పెన్సిల్ రాతలు, కొట్టివేతలు చూసి "ఫెయిర్ చేసుకురాలేదా?" అని మాత్రమే అడిగారు. ఎందుకు తేడా వచ్చిందో రాసిన పేజీని తిప్పి కూడా చూడలేదు.

నది కొలతను మనకు నచ్చినట్టు దిద్దుకోవడం ఖమ్మం వాళ్లకు చిన్న విషయం కాదు. మున్నేరు 16 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 24కి చేరితే రెండోది. 2024 సెప్టెంబరు 1న 36 అడుగులు దాటింది. పట్టణంలో ఒడ్డు పక్కన ఉండే కుటుంబాలు ఇల్లు వదలాలా వద్దా అన్నది ఎవరో చూసి చెప్పే ఆ అంకెను బట్టే తేల్చుకుంటాయి. మా పిల్లలు ఒడ్డు ఇళ్లకు వెళ్లి గోడల మీద వరద మరకల ఎత్తును టేపుతో కొలిచారు. కొన్ని ఇళ్లకు పండక్కి సున్నం వేశారు, మరక లేదు. ఒకే ఇంట్లో ఒకరు నడుము దాకా అన్నారు, ఇంకొకరు మెడ దాకా అన్నారు. పిల్లలు రెండూ రాసి, "నమ్మకం తక్కువ" అని పక్కన పెట్టారు. ఇంత నిజాయితీగా రాసిన పిల్లలకు మనం ఏం ఇస్తున్నాం?

ఏడాది మధ్యలో బడిలో జరిగే ఫార్మేటివ్ పరీక్షలో ప్రాజెక్టు పనికి ఉన్నవి 5 మార్కులు. అందులో కనీసం 2, "ఎక్కడ పొరపాటు జరిగి ఉండొచ్చు, మళ్లీ వెళితే ఏం మారుస్తాం" అనే పేజీకి ఇవ్వాలని విద్యాశాఖను కోరుతున్నాను. నది దగ్గర రాసుకున్న నోటుపుస్తకాన్నే రికార్డుగా ఒప్పుకోవాలి. ఊహ నిజం కాలేదన్న కారణంతో ఒక్క మార్కు కూడా తగ్గించకూడదు. బయటికి తీసుకెళ్లడానికి ఏడాదికి ఒక పూర్తి రోజు, ఆటో ఖర్చులు ఇస్తే చాలామంది టీచర్లు ముందుకొస్తారు.

ఈ డిసెంబరులో చెక్‌డ్యాం నీరు తగలని చోటు వెతుక్కుని మళ్లీ వెళ్తున్నాం. ఆ 22ని తిరిగి 52గా దిద్దిన గ్రూపు పిల్లలే తాడుకు కొత్తగా ముడులు వేస్తున్నారు.

– ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా