శీనుగాడికి, ఎడిన్‌బరా నుంచి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో, తప్పు నాదే. ఇల్లు మారాను, లీత్ వైపు పిల్రిగ్ వీధి దగ్గర. ఉద్యోగం బానే ఉంది. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కిస్తోందట. ఇక అసలు సంగతి, ఇది నీకు తప్ప ఎవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది.

మొన్న ఆదివారం ఇంటి దగ్గరున్న రోజ్‌బ్యాంక్ శ్మశానంలోకి ఊరికే వెళ్లాను. ఎత్తైన రాతి శిలువ, పక్కన కంచు పలకల నిండా పేర్లు. యుద్ధంలో పోయినవాళ్లేమో అనుకున్నా. కాదురా, వాళ్లు యుద్ధం దాకా వెళ్లనే లేదు, రైల్లో పోయారు. 1915 మే 22న. రాయల్ స్కాట్స్ ఏడో పటాలం, చాలామంది ఈ లీత్ కుర్రాళ్లే, టర్కీలోని గాలిపోలి యుద్ధరంగానికి వెళ్లడానికి లివర్‌పూల్‌లో ఓడ ఎక్కాలి. గ్రెట్నా దగ్గర క్వింటిన్స్‌హిల్ సిగ్నల్ కేబిన్ ముందు గుద్దుకున్నారు.

ఎలాగో విను. పక్క లూప్‌లు రెండూ గూడ్సు బండ్లతో నిండి ఉన్నాయని రాత్రి డ్యూటీ సిగ్నల్‌మన్ ఒక లోకల్‌ని ఎదురు మెయిన్ లైన్ మీదకి తోసి నిలబెట్టాడు. పొద్దున ఆరింటికి రావాల్సినవాడు ఆ లోకల్‌లోనే, అరగంట ఆలస్యంగా దిగాడు, ఇద్దరికీ ముందునుంచీ ఉన్న లోపాయికారీ ఏర్పాటది. ఆరు దాటాక వచ్చిన బండ్లని మొదటివాడు కాయితం మీద రాసిపెడితే, ఇతను రిజిస్టర్లో తన చేతిరాతతో ఎక్కించుకోవాలి. ఆ రోజూ అదే రాస్తూ, తను దిగిన బండి కిటికీ బయటే ఉన్నా మరిచిపోయి, సైనికుల రైలుకి లైన్ క్లియర్, అంటే రావచ్చని అనుమతి, ఇచ్చేశాడు. లీవర్‌కి కాలర్ లేదు, అదే, లైన్ మీద బండి ఉందని గుర్తుగా, సిగ్నల్ లాగకుండా లీవర్‌కి తొడిగే రింగు!

మీ నాన్నగారు గుర్తొచ్చారురా. కేబిన్ డ్యూటీలో కాలర్ వేయనిదే టీ గ్లాసు ముట్టేవారు కాదు, మనమేమో అన్నం దగ్గర కూర్చుని "కంచానికి కాలర్ వేశావా" అని నవ్వి చచ్చేవాళ్లం. ఇప్పుడు నవ్వు రావట్లేదు.

195 మీటర్ల రైలు 61 మీటర్లకి నుజ్జయింది. నిమిషం గడిచిందో లేదో లండన్ ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆ శిథిలాల మీద పడింది. చెక్క పెట్టెలు, దీపాల కోసం కింద గ్యాసు, మంటలు మర్నాటి దాకా ఆరలేదు. అదేరోజు సాయంత్రం హాజరు తీస్తే పలికింది 60 మందికి అటూ ఇటుగా. 200 మందికి పైగా సైనికులు పోయారు, సరైన లెక్క ఇప్పటికీ తేలలేదు, ఎందుకంటే పటాలం హాజరు పట్టీ కూడా... ఆ మంటల్లోనే. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను శీనూ. అంతమందిని ఒకే గుంతలో, నేను రోజూ నడిచే చోటికి ఇంత దగ్గర్లో.

పలకల్ని గుడ్డతో తుడుస్తున్న ఒక ముసలావిడ కనిపించింది. ఒక పేరు మీద వేలు పెట్టి "మా తాతగారి తమ్ముడు" అంది, నాకేం అనాలో తెలియలేదు, గుడ్డ అందుకుని ఆ పక్క పలక తుడిచాను. 1916 మేలో ఆవిష్కరించారట ఈ శిలువని, అప్పటికి ఆ సిగ్నల్‌మన్లిద్దరూ జైల్లో ఉన్నారు. వాళ్లని తిట్టుకోవాలో జాలిపడాలో, ఇంకా తేల్చుకోలేదు.

ఒకటి మాత్రం నాన్నగారిని అడుగు. ఆ లోకల్ ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ కేబిన్ ఎక్కి, మా బండి ఇక్కడే ఉందని రిజిస్టర్లో సంతకం కూడా పెట్టాడు, కాలర్ వేశారో లేదో చూడకుండా దిగిపోయాడు. మన కాజీపేటలో అలా సంతకానికి ఎవరైనా పైకి వస్తే ఆయన ఏం చేసేవారు, ముందు

అయ్యో, ట్రామ్ టైమైపోయింది, షిఫ్టుకి ఉరకాలి. మిగతాది రేపు రాస్తా.

నీ
రాము