మట్టికట్టకు ఒక్క సర్వే చాలదు

సంపాదకులకు నమస్కారం.

జలాశయాల మట్టికట్టల్లో నీరు ఎక్కడ ఊరుతున్నదో విద్యుత్ నిరోధకత సర్వేతో ముందుగానే పసిగట్టవచ్చన్న మాట నిజమే. అయితే వెలుపలి వాలున చెమ్మ కనబడ్డాక యంత్రం తెప్పించి, ఒక్కరోజు కొలిచి, రంగుల పటమొకదాన్ని నివేదికకు జతచేసి ఫైలు మూసేస్తే కట్టకు ఒరిగేదేమీ ఉండదని, ఈ పనిలో చాలాకాలం ఉన్నవాడిగా మనవి చేస్తున్నాను.

ఒకే వరుసలో నాలుగు లోహపు కడ్డీలు పాతి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీని కొలవడం ఈ సర్వేకు మూలం. కడ్డీల మధ్య సమాన దూరం ఉంచే అమరికను ఫ్రాంక్ వెన్నర్ 1915లోనే వివరించారు. కడ్డీల ఎడం పెంచేకొద్దీ మరింత లోతు సంగతి తెలుస్తుంది కానీ, ఆ లోతులో ఉన్న చిన్న బుంగ మాత్రం కనబడదు. నీటితో నిండిన మట్టిలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి నిరోధకత తక్కువగా ఉన్నచోట ఊట ఉందని తేల్చేస్తుంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. కట్ట నడుమ హార్టింగ్‌గా, అంటే నీటిని ఆపే లోపలి గర్భంగా పోసే బంకమన్ను నీరు కదలకపోయినా తక్కువ నిరోధకతనే చూపుతుంది. పైగా ఊట ముదిరి సన్నని మన్ను కొట్టుకుపోయి ముతక ఇసుక, గులకరాళ్లు మిగిలితే అక్కడ నిరోధకత పెరుగుతుంది. అంటే అసలు ప్రమాదం ఉన్నచోటే పటం చూడటానికి నిక్షేపంగా ఉండవచ్చు.

అందుకే ఒక్క కొలతను చూసి తీర్పు చెప్పకూడదు. అదే గీత మీద, అవే చోట్ల, నెలల తరబడి కొలిచి మార్పును చూడాలి. స్వీడన్‌లోని హెల్బీ మట్టి ఆనకట్టపై 1996 నుంచి స్థిరంగా పాతిన ఎలక్ట్రోడ్లతో, అంటే పైన చెప్పిన లాంటి లోహపు కడ్డీలతో, చేసిన పరిశీలన ఇటువంటిదే. జలాశయపు నీటి ఉష్ణోగ్రత, అందులోని లవణాలు ఋతువులతో పాటు మారుతుంటాయి. ఆ మార్పు కట్ట లోపలికి ఎంత ఆలస్యంగా చేరుతున్నదో గమనిస్తే ఊట వేగాన్ని అంచనా వేయవచ్చు. త్వరగా చేరే చోటును అనుమానించాలి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే నిరోధకత సుమారు 2 శాతం తగ్గుతుంది కనుక ఆ సవరణ చేయకుండా రెండు కాలాల కొలతలను పోల్చడం తప్పు.

క్షేత్రంలో జాగ్రత్త కూడా అంతే ముఖ్యం. ఎండిన రాళ్ల పేర్పు మధ్య దిగ్గొట్టిన కడ్డీకి మట్టి సరిగా అంటదు. చుట్టూ ఉప్పునీళ్లు పోసి, అంకె నిలకడగా వచ్చేదాకా ఆగాలి. తొందరపడి ఎగిరెగిరి పడే అంకెనే నమోదు చేస్తే, లేని బుంగ పటం మీద ఎర్రటి మచ్చగా వెలుస్తుంది. దాన్ని నమ్మి బోరు వేయడం మరీ ప్రమాదం, ఎందుకంటే హార్టింగ్‌లో నీటి ఒత్తిడితో వేసే బోరు దానంతటదే కట్టను చీల్చగలదు. నీటి కదలిక వల్లనే పుట్టే సహజ వోల్టేజీని కూడా కొలిచి, కట్ట లోపలి నీటి ఒత్తిడిని చూపే పీజోమీటర్ల మట్టాలతో సరిపోల్చాకే బోరు మాట ఎత్తాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అమెరికాలోని టీటన్ ఆనకట్ట 1976 జూన్ 5న, మొదటిసారి నీరు నింపుతుండగానే, తెగిపోయి 11 మంది ప్రాణాలు తీసింది. ఆ ఉదయం బురదనీరు కనిపించిన కొద్ది గంటలకే, మధ్యాహ్నం కాకముందే గండి పడింది. బురదనీరు కనిపించాక సర్వే బృందాన్ని పిలవడానికి వ్యవధి ఉండదు.

కాబట్టి కొత్త కట్ట కట్టేటప్పుడూ, పాత కట్టకు మరమ్మతు చేసేటప్పుడూ కట్ట పొడవునా ఎలక్ట్రోడ్లను శాశ్వతంగా పాతి, నీరు నింపకముందే తొలి కొలత తీసి ఉంచే నిబంధనను టెండరు పత్రాల్లోనే చేర్చాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. రంగుల పటంతో పాటు ముడి అంకెలు, ఆనాటి జలాశయపు నీటిమట్టం, ఉష్ణోగ్రత కూడా భద్రపరచాలి. అవి లేకపోతే తర్వాత వచ్చే ఇంజనీరు తన కొలతను దేనితోనూ పోల్చుకోలేడు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంజనీరు