గైడు చెప్పే సాధికారత

సంపాదకుల వారికి,

ఆంగ్ల నవలల్లో స్త్రీ సాధికారత అన్న అంశం మన కళాశాలల తరగతుల్లోనూ సదస్సుల్లోనూ తరచుగా వినిపిస్తోంది. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్ళు ఇంగ్లిష్ పాఠాలు చెప్పినదాన్ని కనుక అందుకు సంతోషిస్తాను. అయితే జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నన్ను బాధించిన సంగతి ఒకటి ఉంది. నైజీరియా రచయిత్రి బుచి ఎమెచెటా నవల 'ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్' (1979) గురించి ఒక విద్యార్థిని, గైడులో ఉన్న మాటల్లోనే, కథానాయిక చివరికి సాధికారత సాధించిందని రాసింది. లేగోస్‌లో సిగరెట్లు, కట్టెలు అమ్మి పిల్లల్ని పెంచిన ఆ తల్లి, చేయి పట్టుకునే బిడ్డ ఒక్కరూ దగ్గర లేకుండా దారి పక్కన ప్రాణం విడుస్తుంది. నవల చదివిన పిల్ల అయితే ఆ వాక్యం రాసి ఉండేది కాదు.

ఈ నవలల్లో సాధికారతను వెతకవలసింది పొలంలో, సంపాదనలో, ఆస్తి కాగితాల్లో అని నా అభిప్రాయం. జింబాబ్వే రచయిత్రి త్సిత్సి దంగారెంబ్గా 'నెర్వస్ కండిషన్స్' (1988)లో, పుస్తకాలు వండి మొగుడికి పెడతావా అని తండ్రి ఎత్తిపొడిస్తే, తంబు అనే బాలిక, తన నాయనమ్మ సాగుచేసిన పొలం చెక్కలో మొక్కజొన్న వేసి ఫీజు కూడబెట్టుకోవాలనుకుంటుంది. ఆ కంకుల్ని దొంగిలించి బడిలో పంచిపెట్టేది సొంత అన్నే. అరుంధతీ రాయ్ 'ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్' (1997)లో అమ్ము పచ్చళ్ళ ఫ్యాక్టరీలో అన్నతో సమానంగా పనిచేసినా, కూతురు కనుక ఆ ఆస్తిపై ఆమెకు హక్కు లేదు. రచయిత్రి తల్లి మేరీ రాయ్ వేసిన కేసులోనే 1986లో సుప్రీంకోర్టు కేరళలోని తిరువాన్కూరు ప్రాంత క్రైస్తవ స్త్రీలకు సమాన వాటా దక్కేలా తీర్పు ఇచ్చిందన్న సంగతి తరగతిలో చెప్పకపోతే అమ్ము కథ సగమే అర్థమవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఏడాదే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. అయినా పసుపు కుంకుమల కింద ఇచ్చింది చాలులే అని అన్నదమ్ములంటే మారుమాట లేకుండా సంతకం పెట్టి వచ్చిన ఆడపడుచులు మా బంధువుల్లోనే ఉన్నారు. మా విద్యార్థినుల ఇళ్ళలోనూ అలాంటి మేనత్తలు ఉండే ఉంటారు.

కనుక ప్రశ్నపత్రాలు కూర్చే ఆచార్యులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం: సాధికారతను వివరింపుమని అడగడం మాని, తంబు పండించిన మొక్కజొన్న ఎవరి చేతికి పోయింది, అమ్ముకు వాటా ఎందుకు లేదు అని అడగండి. ఆ జవాబులు గైడుల్లో దొరకవు. పిల్లలు నవల తెరవవలసి వస్తుంది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఆంగ్ల అధ్యాపకురాలు,
తార్నాక, హైదరాబాద్.